కొల్లేటి నాటు చేప - మన ఆడవాళ్ళ గంప



ప్రతి ఏడూ మన వార్షిక నివేదికలో పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు, స్త్రీనిధి అప్పుల వసూళ్ళు వేస్తున్నాం. వాటితోపాటు ఈసారి మన కొల్లేటి చేపల వేట చరిత్ర మీద ఒక వ్యాసం ఉండాలని మీటింగులో తీర్మానం చేసి, ఆ పని నాకు అప్పజెప్పారు. నేను చదివింది పదో తరగతి. చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, తేదీలు అని బళ్ళో చెప్పారు. కానీ మన ఇంట్లో కూర ఎక్కడి నుంచి వచ్చింది, గంప నెత్తిన పెట్టుకుని మన మామ్మలు ఎన్ని ఊళ్ళు తిరిగారు, ఆ గంప ఎందుకు పోయింది అన్నది కూడా చరిత్రే. పెద్దవాళ్ళు చెప్పింది, అందరికీ తెలిసిన ప్రభుత్వ ఉత్తర్వుల సంగతి కలిపి నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను.

కొల్లేరు, ఏర్లు, ఉప్పుటేరు

కొల్లేరు కృష్ణా డెల్టాకు, గోదావరి డెల్టాకు మధ్యన ఉన్న పల్లం. ఎగువ నుంచి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా చిన్నా పెద్దా వాగులు, డ్రెయిన్లు వచ్చి ఇందులో పడతాయి. బయటకు పోయే దారి మాత్రం ఒక్కటే, ఉప్పుటేరు. అది 60 కిలోమీటర్లకు పైగా మెలికలు తిరుగుతూ పోయి బంగాళాఖాతంలో కలుస్తుంది. మన నేల చాలా పల్లం కాబట్టి ఉప్పుటేరులో నీళ్ళు నెమ్మదిగా నడుస్తాయి. సముద్రం పోటు మీదుంటే ఉప్పునీరు ఎదురు కూడా వస్తుంది. ఆ పేరు అందుకే వచ్చింది.

ఈ ఉప్పుటేరు గురించి పెద్దవాళ్ళు ఒక కథ చెప్తారు. పూర్వం కొల్లేటికోటలో ఒడ్డె రాజుల సైన్యం ఉండేదట. చుట్టూ నీళ్ళు ఉండడంతో శత్రువులు కోట దగ్గరకు రాలేకపోయారు. నీళ్ళు సముద్రంలోకి వదిలేస్తే కోట దొరుకుతుందని కాలువ తవ్వించారట. పని నెగ్గడానికి సేనాని తన సొంత కూతురినే బలి ఇచ్చాడట. అందుకే ఆ కాలువకు పేరంటాల కనమ అనే పేరు వచ్చిందని చెప్తారు. అది జరిగిందో లేదో గానీ, ఏటి పేరులో ఒక ఆడపిల్ల ఉండిపోయింది. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ తల్లి గుడి ఉంది. ఫాల్గుణ మాసంలో జాతరకు లంక గ్రామాల వాళ్ళంతా వెళ్తాం. ఇంతకుముందు దోనెల మీద వెళ్ళేవారు.

సరస్సులో పాతకాలం నుంచి వేట చేసినవాళ్ళు ముఖ్యంగా వడ్డీలు. తాము ఒడ్డె దేశం నుంచి వచ్చామని వాళ్ళు చెప్పుకుంటారు. వాళ్ళతోపాటు మిగతా కులాల పేదవాళ్ళు కూడా ఏదో ఒక విధంగా నీళ్ళ మీద బతికారు. సరస్సు లోపలి గ్రామాలను బెడ్ గ్రామాలనీ, ఒడ్డు చుట్టూ ఉన్నవాటిని బెల్టు గ్రామాలనీ ఆఫీసు కాగితాల్లో రాస్తారు. మనకు మాత్రం లంక ఊళ్ళు, ఒడ్డు ఊళ్ళు, అంతే.

నీరే చేపను పెంచేది

ఇప్పటి పిల్లలకు చేప అంటే బొచ్చె, శీలావతి, లేకపోతే ఫంగస్. చెరువులో పిల్లను వదిలి, మేత వేసి, తూకం వచ్చాక పట్టేది. పాత కొల్లేటిలో చేపను ఎవరూ వదల్లేదు, ఎవరూ మేపలేదు. కొర్రమీను, మట్టగిడస, ఇంగిలాయి, మార్పు, వాలుగ, జెల్ల, గొరక, బొమ్మిడాయి, రకరకాల పరిగెలు వాటంతట అవే పుట్టి పెరిగేవి. వీటినే నాటు చేప, చిల్లర చేప అని అంటాం. బజారులో చిల్లర అని తక్కువ చేసి అన్నా, మన ఇళ్ళల్లో కడుపు నింపింది అదే.

ఈ చేపలకు ఒక లెక్క ఉంది. తొలకరి వానలకు వాగులు పారి, కొత్తనీరు పల్లపు చేలల్లోకి ఎక్కుతుంది. చేప ఆ కొత్తనీటికి ఎదురెక్కి, లోతు తక్కువ ఉన్న గడ్డిలో గుడ్లు పెడుతుంది. కొర్రమీను అయితే తల్లీ తండ్రీ రెండూ పిల్లల్ని కాపలా కాస్తాయి. ఎర్రగా గుంపుగా తిరిగే పిల్లలు కనపడితే కింద పెద్దది ఉన్నట్టేనని అందరికీ తెలుసు. కార్తీకం దాటాక నీరు నెమ్మదిగా దిగుతుంది. ఆ దిగే నీటితోపాటు చేప కూడా మడుగుల్లోకి, ఏర్లలోకి చేరుతుంది. వేసవిలో సరస్సు చాలావరకు ఎండి, అక్కడక్కడా మడుగులు మిగిలేవి. కొర్రమీను, ఇంగిలాయి, మార్పు, గొరక పైకి వచ్చి గాలి పీల్చుకోగలవు. అందుకే బురదలో కూడా బతికి, మళ్ళీ వానలకు లేచేవి.

ఉప్పుటేరు వైపు నుంచి ఇంకో వరస ఉండేది. పండుగప్ప లాంటి చేపలు పోటు నీటితో పైకి వచ్చేవి. నీలకంఠ రొయ్య పెరిగేది మంచినీటిలోనే అయినా, దాని పిల్లకు మొదట కాస్త ఉప్పు కలిసిన నీరు కావాలి. కాబట్టి తల్లి రొయ్య దిగువకు పోయి రావాలి. అంటే వాగు, సరస్సు, ఏరు, సముద్రం నాలుగూ ఒకదానితో ఒకటి తెరిచి ఉంటేనే ఈ సంపద. మధ్యలో ఎక్కడ గట్టు వేసినా రాకపోకలు ఆగిపోతాయి. ఈ ఒక్క విషయం గుర్తు పెట్టుకుంటే తరవాతి చరిత్రంతా అర్థమవుతుంది.

ఎవరి చేతిలో ఏ సామాను

మగవాళ్ళు తాటి దోనెల మీద లోపలికి వెళ్ళేవారు. విసురు వల, కట్టు వల, మావులు వాళ్ళ సామాను. మావు అంటే వెదురు బద్దలతో అల్లిన పెట్టె లాంటిది. చేప లోపలికి దూరగలదు గానీ బయటకు రాలేదు. నీరు దిగే చోట తడికలు కట్టి, మధ్యలో మావులు పెట్టేవారు. సాయంత్రం పెట్టి తెల్లవారుజామున తీసేవారు.

ఒడ్డున, మోకాలి లోతు నీళ్ళలో మాత్రం ఆడవాళ్ళు, పిల్లలు కూడా పట్టేవారు. ఊత అంటే అడుగు లేని బుట్ట. దాన్ని బురదలోకి గుచ్చి, పై కన్నంలోంచి చెయ్యి పెట్టి చేపను తీస్తారు. ఇంగిలాయి, జెల్ల ముల్లు గుచ్చితే రాత్రంతా సలుపు. అయినా కూరకు చాలినంత అరగంటలో దొరికేదని మా అత్తగారు చెప్తారు. పిల్లలు కర్రకు గాలం కట్టి, ఎర్ర గుచ్చి, కాలవ గట్టున కూర్చునేవారు. దీనికి మక్తా లేదు, సొసైటీ లేదు, పెట్టుబడి లేదు. ఇంట్లో బియ్యం ఉంటే చాలు, కూర నీళ్ళలో ఉన్నట్టే.

వేట మగవాళ్ళదైనా, చేప ఒడ్డుకు వచ్చిన తరవాత పనంతా ఆడవాళ్ళదే. రకాలు వేరు చేయడం, బతికున్న కొర్రమీను, మార్పులను నీళ్ళ కుండల్లో వేసి ఉంచడం, చచ్చిన చేపను ముందు అమ్మడం, మిగిలింది ఉప్పు పట్టించి ఎండబెట్టడం. జారిపోయే చేపకు బూడిద రాసి కత్తిపీట మీద కోయడం కూడా ఒక విద్యే. పరిగెలను ముల్లుతో సహా తినేవారు కాబట్టి పిల్లల ఎముకలకు బలం వచ్చేది. జ్వరం తగ్గి లేచినవాళ్ళకు కొర్రమీను, చుట్టాలొస్తే బొమ్మిడాయి పులుసు.

తరవాత గంప. తెల్లవారకముందే గంప నెత్తిన పెట్టుకుని, గట్ల మీద నడిచి మెరక ఊళ్ళకు వెళ్ళేవారు. పరిగెలు కుప్పల లెక్కన, కొర్రమీను జత లెక్కన ఇచ్చేవారు. కోతల రోజుల్లో డబ్బుకు బదులు కుంచాల లెక్కన వడ్లు తెచ్చుకునేవారు. కైకలూరు, ఆకివీడు మీదుగా గుడివాడ - భీమవరం రైలు నడిచాక కొంతమంది గంపలతో రైలెక్కి పట్నాల దాకా పోయారు.

ఇందులో మనం చూడాల్సింది డబ్బు సంగతి. గంప అమ్మిన డబ్బు ముందు ఆడమనిషి కొంగు ముడిలోకి వచ్చేది. ఉప్పు, పప్పు, నూనె, పిల్లాడికి చొక్కా ఆ ముడిలోంచే. మగవాడు అడిగితే లెక్క చెప్పేది గానీ, ఖర్చు నిర్ణయం ఆమెదే. పొదుపు సంఘాలు రాకముందే మన మామ్మలకు చేతిలో సొంత డబ్బు ఉండేది. అది నాటు చేప ఇచ్చిన డబ్బు.

డెల్టా కాలువలు

ఇంగ్లీషువాళ్ళ కాలంలో ధవళేశ్వరం దగ్గర గోదావరి ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ పని చేయించింది కాటన్ దొర. విజయవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువలు వచ్చి డెల్టా రెండువైపులా వరి పండింది. మన తిండికి అది మేలే. అయితే పొలాల్లో మిగిలిన నీరంతా పల్లానికే రావాలి, ఆ పల్లం కొల్లేరే. వాన నీటికి తోడు డ్రెయిన్ల నీరు కూడా చేరి సరస్సు మీద బరువు పెరిగింది. 1964 వరదలకు ఊళ్ళు మునిగాయి. నీరు తొందరగా సముద్రంలోకి పోవాలంటే ఏం చేయాలో చెప్పమని ప్రభుత్వం మిత్రా కమిటీని వేసింది. అప్పటినుంచి ఉప్పుటేరు బాగు చేయాలనే మాట నడుస్తూనే ఉంది.

నీరు ఎక్కువైన ఏడు పంట పోయేది, తక్కువైన ఏడు వేట పోయేది. లంక ఊళ్ళల్లో పేదరికం చాలా ఉండేది. పాత రోజులన్నీ బంగారం అని నేను రాయడం లేదు. రోడ్లు లేవు, ఆసుపత్రి లేదు, పురుడు కష్టమైతే దోనె మీదే తీసుకుపోవాలి. ఈ కష్టం చూసే తరవాతి మార్పుకు అందరూ సరే అన్నారు.

చెరువులు వచ్చాయి

1970లలో, జలగం వెంగళరావు గారు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, కొల్లేటిలో పేదలకు, మత్స్యకారులకు సహకార సొసైటీలు పెట్టించి, చేపల చెరువులు తవ్వుకునే వీలు కల్పించారు. ఉద్దేశం మంచిదే. వేట మీద ఆధారపడిన వాళ్ళకు ఏడాది పొడవునా ఆదాయం రావాలని. మొదట్లో బాగానే వచ్చింది. చాలా ఇళ్ళు పాకల నుంచి డాబాలు అయ్యాయి, పిల్లలు చదువుకున్నారు.

కానీ చేపల చెరువుకు పెట్టుబడి కావాలి. పిల్ల, తవుడు, చెక్క, మందులు, డీజిలు. పేదవాడి దగ్గర అంత డబ్బు లేదు. బయటి నుంచి డబ్బున్నవాళ్ళు వచ్చి సొసైటీ చెరువులు మక్తాకు తీసుకున్నారు. 1980లు, 90లలో సరస్సు లోపల గట్టు పక్కన గట్టు లేచింది. కాగితం మీద చెరువు సొసైటీది, నడిపేది మక్తాదారు. సభ్యుడికి ఏడాదికి ఇంత అని వాటా డబ్బు. బొచ్చె, శీలావతి ఐసులో పెట్టి లారీల మీద కలకత్తా వైపు వెళ్ళాయి.

గట్లు లేచాక నాటు చేప ఎదురెక్కే దారి మూసుకుపోయింది. గుడ్లు పెట్టే గడ్డి పల్లాలు చెరువులైపోయాయి. చెరువులోకి ఎలాగో దూరిన కొర్రమీను, వాలుగ చేపపిల్లల్ని తింటాయని, చెరువు ఎండగట్టి మందు వేసి చంపడం మొదలైంది. మేత నీళ్ళు, కోళ్ళ ఎరువు, పట్నాల మురుగు కలిసి మిగిలిన నీరు పాడైంది. గుర్రపుడెక్క అల్లుకుని దోనె కదలని పరిస్థితి వచ్చింది.

ఆడవాళ్ళ సంగతి ఏమైందంటే, గంప పోయింది. చెరువు చేప పట్టుబడి రోజున టన్నుల్లో వస్తుంది, లారీకి ఎక్కుతుంది, డబ్బు మక్తాదారు నుంచి సొసైటీకి, అక్కడి నుంచి మెంబరు చేతికి వస్తుంది. మెంబరు మగవాడు. ఆడమనిషి చేతికి వచ్చేది గట్టు మీద గడ్డి కోసిన కూలి, ఐసు ప్యాకింగు కూలి. అమ్మకందారు కూలి మనిషి అయింది. దీని గురించి అప్పట్లో ఎవరూ మీటింగు పెట్టలేదు, ఎవరూ సంతకం అడగలేదు.

అభయారణ్యం, తరవాత కూల్చివేత

1999 అక్టోబరులో ప్రభుత్వం కొల్లేటిని అయిదో కాంటూరు దాకా, అంటే 308 చదరపు కిలోమీటర్లు, వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేరింది. అందులో రాసిన విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు. ఆటపాక దగ్గర గూడబాతులు చూడడానికి ఇప్పుడు ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. ఆ పక్షి కూడా మన లాగే చేప మీద బతికేదే.

అభయారణ్యంలో చేపల చెరువులు ఉండకూడదు. పాత పద్ధతిలో వేటకు మాత్రం వీలుంది. అయినా చెరువులు నడుస్తూనే ఉన్నాయి. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో యంత్రాలతో, పేలుడు మందుతో గట్లు తెంచారు. మన సంఘాల్లో చాలామందికి ఆ రోజులు కళ్ళారా తెలుసు. వాటా డబ్బు ఆగింది, కూలి ఆగింది. గట్టు తెగినంత మాత్రాన నాటు చేప మర్నాడే రాదు కదా. ఎన్నో ఇళ్ళ వాళ్ళు పనుల కోసం ఊరు వదిలి వెళ్ళారు. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు తగ్గించాలని శాసనసభ తీర్మానం చేసింది. ఆ గొడవ నేటికీ తేలలేదు. మళ్ళీ కొన్నిచోట్ల గట్లు లేచాయి, మళ్ళీ తెంచారు.

ఇందులో ఎవరిది తప్పు అని నేను తేల్చలేను. చెరువు కావాలనే వాళ్ళకూ పిల్లలున్నారు, సరస్సు కావాలనే వాళ్ళకూ పిల్లలున్నారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఆ నీరంతా మన వైపే వచ్చింది. పెదఎడ్లగాడి దగ్గర నీరు నిలబడిపోయి లంక ఊళ్ళకు దారి తెగింది. నీటికి దారి లేకపోతే ఏమవుతుందో ఆ రోజుల్లో చూశాం. చేప దారి, నీటి దారి ఒకటే. ఒకటి మూస్తే రెండోది కూడా మూసుకుంటుంది.

మన సంఘాలు ఆలోచించాల్సింది

మా గ్రూపులో పదిమందిమి ఉన్నాం. సొసైటీలో వాటా ఉన్న ఇళ్ళు అందులో ఉన్నాయి. కానీ ఒక్క వాటా కూడా ఆడదాని పేరు మీద లేదు. భర్త పోయిన ఒక అక్క వాటా తన పేరుకు మార్చమని తిరిగితే, కొడుకు పెద్దయ్యాక చూద్దాం అన్నారు. కొల్లేటి చరిత్ర అంతా రాసి ఈ మాట రాయకపోతే రాసినట్టు కాదు. అందుకని సమాఖ్య ముందు నాలుగు మాటలు పెడుతున్నాను.

మొదటిది, ఈ ఏడు కొన్ని సంఘాలు బ్యాంకు లింకేజీ డబ్బుతో చెరువు మక్తాలో వాటా తీసుకుందామని అడుగుతున్నాయి. వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ చెరువు ఏ కాంటూరులో ఉంది, మక్తా కాగితం ఎవరి పేరు మీద ఉంది, రేపు గట్టు తెంచితే అప్పు ఎవరు కట్టాలి అన్నవి గ్రామ సంఘం మీటింగులో చదివి వినిపించాకే తీర్మానం రాయాలి. అప్పు మన పేరు మీద, చెరువు ఇంకొకరి పేరు మీద అయితే మనం జామీను పడ్డట్టే.

రెండోది, చేపలు అమ్మే అక్కలకు, ఎండుచేపలు చేసే అక్కలకు ముందుగా అప్పు ఇవ్వాలి. ఇప్పుడు నాటు చేప తక్కువ కాబట్టే దానికి ధర ఎక్కువ. బతికున్న కొర్రమీనుకు పట్నంలో ఎంత పలుకుతుందో అందరికీ తెలుసు. గంపకు బదులు ఐసు పెట్టె, ఎండబెట్టడానికి నేల మీద కాకుండా ఎత్తు మంచెలు, ఈగ వాలకుండా వల ఉంటే అదే చేపకు మంచి ధర వస్తుంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఆడవాళ్ళకు యూనిట్ ఖర్చులో 60 శాతం దాకా సబ్సిడీ ఉంది. మత్స్యశాఖ ఆఫీసుకు ఒక్కొక్కరం కాకుండా సంఘంగా వెళ్దాం.

మూడోది, సొసైటీలో మెంబరు చనిపోతే వాటా భార్య పేరుకు మార్చాలని ప్రతి గ్రామ సంఘం రాతపూర్వకంగా అడగాలి. మన సమాఖ్య 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద రిజిస్టర్ అయ్యింది. లెక్కలు రాయడం, తీర్మానం చేయడం, ఆడిట్ చేయించడం మనకు వచ్చు. చేపల సొసైటీ పుస్తకం కూడా మనకు కొత్తదేం కాదు.

నాలుగోది, తొలకరి నెలల్లో ఎదురెక్కే తల్లి చేపను, కొర్రమీను పిల్లల గుంపును పట్టకుండా మన ఇళ్ళల్లో మనమే చెప్పుకోవాలి. దోమతెర లాంటి సన్న వలలు సంఘం డబ్బుతో కొనకూడదు. మన మామ్మలు ఇది ఏ చట్టం చూసి నేర్చుకోలేదు. గుడ్ల చేపను వదిలితేనే వచ్చే ఏడు కూర అని వాళ్ళకు తెలుసు.

వచ్చే నివేదిక నాటికి ఈ నాలుగింటిలో ఏ సంఘం ఏం చేసిందో లెక్కల పక్కన ఒక గడి పెట్టి రాయాలని పాలకవర్గాన్ని కోరుతున్నాను. పెద్దవాళ్ళ దగ్గర ఇంకా తెలుసుకోవాల్సింది చాలా ఉంది. మీ ఊళ్ళో ఊత పట్టిన, గంప మోసిన మామ్మలు ఉంటే, నెల మీటింగుకు ఒకసారి వాళ్ళను పిలిచి మాట్లాడించండి. చేపల పేర్లు, మడుగుల పేర్లు, పాత దారుల పేర్లు మినిట్స్ పుస్తకంలో రాసిపెట్టండి.

ఇట్లు,
మీ సోదరి,
ఒక లంక గ్రామం గ్రూపు లీడరు